ఎమ్‌లాక్ చేసినా పేజీలు కదులుతున్నాయి, ఎలా ఆపాలి?

రాత్రిడ్యూటీ:
రెండు సాకెట్ల లినక్స్ సర్వర్. బఫర్లన్నీ ఎమ్‌లాక్ (మెమరీ పేజీలను ర్యామ్‌లోనే ఉంచే సిస్టమ్ కాల్) చేశాం, స్వాప్ ఆఫ్. అయినా ఉండుండి లేటెన్సీ ఎగబాకుతోంది. పెర్ఫ్ టూల్‌లో చూస్తే మైనర్ పేజ్ ఫాల్ట్‌లు (డిస్క్ జోలికి పోకుండా కెర్నల్ సర్దేసేవి). లాక్ చేశాక మళ్లీ ఫాల్ట్ ఏంటండీ?

కెర్నల్‌పిచ్చి:
ఎమ్‌లాక్ ఇచ్చే హామీ ఒక్కటే: పేజీ ర్యామ్‌లోనే ఉంటుంది. ర్యామ్‌లో ఏ మూల అన్నది దానికి పట్టదు. వర్చువల్ అడ్రస్ అలాగే ఉంటుంది, వెనకాల ఫ్రేమ్ (ర్యామ్‌లో అసలు చోటు) మారిపోతుంది. నా అనుమానం ఆటోమేటిక్ న్యూమా బ్యాలెన్సింగ్ మీద (లినక్స్ 3.8 నుంచి ఉంది). న్యూమా అంటే ఒక్కో సాకెట్‌కి దగ్గరి ర్యామ్ విడిగా ఉండటం, ఆ సీపీయూ-ర్యామ్ జతే నోడ్. అది కావాలనే పేజ్ టేబుల్ ఎంట్రీకి యాక్సెస్ తీసేస్తుంది. ఏ సీపీయూ ముట్టుకుని ఫాల్ట్ తెచ్చుకుందో చూసి, పేజీని ఆ నోడ్‌కి లాగుతుంది. వీఎమ్‌స్టాట్‌లో (కెర్నల్ మెమరీ లెక్కల ఫైల్) న్యూమా_హింట్_ఫాల్ట్స్, న్యూమా_పేజెస్_మైగ్రేటెడ్ కౌంటర్లు చూడండి.

రాత్రిడ్యూటీ:
రెండూ పెరుగుతున్నాయి. స్పైక్ వచ్చినప్పుడల్లా రెండోది ఎగురుతోంది.

బఫర్‌బాబు:
కెర్నల్.న్యూమా_బ్యాలెన్సింగ్ సున్నా చేసేయండి, పీడా పోతుంది.

పాతసీపీయూ:
అది మెషీన్ మొత్తానికీ వర్తిస్తుంది బ్రో, పక్కన డేటాబేస్ ఉంటే దాని గతేంటి? ఆ బఫర్లకు మాత్రం ఎమ్‌బైండ్‌తో నోడ్ ఖాయం చేయండి. పాలసీ విడిగా పెట్టిన మెమరీ జోలికి బ్యాలెన్సర్ రాదు, మీరే ఫ్లాగ్ ఇచ్చి రమ్మంటే తప్ప. ముందు ఎమ్‌బైండ్, తర్వాతే పేజీలను తాకడం, లాక్ చేయడం.

ఎఫ్‌పీజీఏ_రాజు:
మేం ఎమ్‌లాక్ చేసి, పేజ్‌మ్యాప్ (ఏ పేజీ ఏ ఫ్రేమ్‌లో ఉందో చెప్పే ఫైల్) నుంచి ఫిజికల్ అడ్రస్ చదివి మా ఎఫ్‌పీజీఏ కార్డుకి ఇస్తాం. బానే నడుస్తోందే?

కెర్నల్‌పిచ్చి:
అమ్మో, ఆపేయండి! కాంపాక్షన్ (ఖాళీ ర్యామ్‌ను ఒకచోట చేర్చడానికి కెర్నల్ పేజీలు జరపడం) ఆ పేజీని జరిపిన రోజున కార్డు వేరేవాళ్ల మెమరీలో రాస్తుంది, ఎర్రర్ కూడా రాదు. డివైస్‌కి కావాల్సింది డ్రైవర్ వేసే పిన్, అంటే పిన్_యూజర్_పేజెస్. అది పేజీ రిఫరెన్స్ కౌంట్ పెంచుతుంది, మైగ్రేషన్ కోడ్ లెక్క కుదరక వదిలేస్తుంది. యూజర్ స్పేస్ నుంచైతే వీఎఫ్ఐఓ (డివైస్‌ను మామూలు ప్రోగ్రామ్‌కి అప్పగించే కెర్నల్ ఏర్పాటు) వాడండి. ఎక్కువకాలం పట్టే పిన్ అయితే, పేజీ మూవబుల్ జోన్‌లోనో సీఎమ్ఏలోనో (రెండూ పేజీలు జరపడానికి వీలుగా ఉంచే ర్యామ్ భాగాలు) ఉంటే కెర్నలే ముందు బయటికి తరలించి అప్పుడు పిన్ చేస్తుంది. అయితే తప్పు నోడ్‌లో పిన్ పడిందంటే అక్కడే ఇరుక్కుంటుంది. అందుకే పాతసీపీయూ గారు చెప్పిన వరుస ఇక్కడా ముఖ్యం.

బఫర్‌బాబు:
ఆర్‌డీఎమ్ఏ (నెట్‌వర్క్ కార్డు నేరుగా మెమరీలో చదివి రాసే పద్ధతి) వాళ్లకి ఇంకోటి: ప్రాసెస్ ఫోర్క్ చేస్తుంటే (తన నకలు ప్రాసెస్ పుట్టిస్తుంటే) ఆ బఫర్లకు మ్యాడ్‌వైజ్‌లో డోంట్‌ఫోర్క్ పెట్టుకోండి. పాత కెర్నళ్లలో కాపీ-ఆన్-రైట్ (ఇద్దరూ పంచుకునే పేజీలో ఎవరైనా రాస్తే అప్పుడు కాపీ చేయడం) వల్ల మీ ప్రాసెస్‌కి కొత్త పేజీ వచ్చి, కార్డు పాతదానిలోనే రాస్తూ ఉండేది.

రాత్రిడ్యూటీ:
ఎమ్‌బైండ్ పెట్టాక హింట్ ఫాల్ట్‌లు బాగా తగ్గాయి. అరుదుగా ఒక చిన్న స్పైక్ మిగిలింది, అప్పుడు పీజీమైగ్రేట్_సక్సెస్ (ఏ కారణంతోనైనా జరిగిన పేజీల లెక్క) మాత్రమే పెరుగుతోంది.

పాతసీపీయూ:
అయితే కాంపాక్షన్ కావచ్చు. వీఎమ్.కాంపాక్ట్_అన్ఎవిక్టబుల్_అలౌడ్ మామూలు కెర్నల్‌లో 1 ఉంటుంది, అంటే లాక్ చేసిన పేజీలనూ జరపొచ్చని. సున్నా చేసి చూడండి. పెద్ద పేజీలు దొరకడం కాస్త కష్టమవుతుంది, అది మీకు ఓకేనా?