పదహారు కోర్లలో ఆట వాడుకునేవి నాలుగైదేనా?

గోదారిగట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాది పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే పని. దానికోసమే 16 కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), 32 థ్రెడ్లు (ఒకేసారి నడవగల పని వరుసలు) ఉన్న రైజెన్ 9 5950ఎక్స్ ప్రాసెసర్‌తో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నాను. రాత్రిళ్ళు దానిమీదే ఆటలు ఆడుతుంటాను.

ఈమధ్య కొన్న ఒక ఆటను మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమవుతున్నాయని చెప్పే తెర వచ్చింది. రెండో మానిటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే, ఆ ఆరేడు నిమిషాలూ థ్రెడ్డుకు ఒకటి చొప్పున ఉండే 32 గడులూ నిండుగా ఉన్నాయి, ఫ్యాన్లు హోరెత్తిపోయాయి. ఆట మొదలైన తరువాత మాత్రం ఒక గడి నిండుగా, మరో నాలుగైదు సగం దాకా నిండి, మిగిలినవి దాదాపు ఖాళీగా కనిపించాయి. మొత్తం వాడకం 14 శాతం దాటలేదు. అయినా కథలో సంత జరిగే ఊళ్ళోకి అడుగుపెట్టగానే ఫ్రేములు (సెకనుకు తెర మీదికి వచ్చే బొమ్మలు) 90 నుంచి 50కి పడిపోతున్నాయి. గ్రాఫిక్స్ నాణ్యతను ఎంత తగ్గించినా ఆ 50 కదలడం లేదు.

ఇది ఆటను రాసినవారి బద్ధకమా, లేక ఆటల స్వభావమే అంతా? రేపు కోర్లు ముప్పై రెండో అరవై నాలుగో అయితే, ఆటలు గానీ మామూలు సాఫ్ట్‌వేర్ గానీ వాటితో ఏం చేసుకుంటాయి?

కోడ్‌కూలీ జవాబు:

బద్ధకం అనడం అన్యాయమండీ. గేమ్ ఇంజిన్ల మీద పనిచేసేవాడిని కాబట్టి కొంత పక్షపాతం ఉంటే ఉండవచ్చు గానీ, మీరు చూసిన ఆ రెండు తెరల తేడాలోనే జవాబు ఉంది. షేడర్లు వేల సంఖ్యలో ఉంటాయి, ఒకదాని కంపైలేషన్‌కూ (యంత్రభాషలోకి మార్చడానికీ) మరొకదానికీ సంబంధం ఉండదు, అందువల్ల ఎన్ని కోర్లకైనా పంచవచ్చు. ఆట నడిచేటప్పుడు, సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కొక్క ఫ్రేముకు దొరికేది సుమారు 16.6 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో మీరు నొక్కిన మీట చదవాలి, దాన్నిబట్టి పాత్రలు ఏం చేయాలో తేలాలి, తేలాక ఫిజిక్స్ లెక్క జరగాలి, ఆ ఫలితం మీద యానిమేషన్ కుదరాలి, అప్పుడు గానీ గ్రాఫిక్స్ కార్డుకు ఏం గీయాలో చెప్పలేము. మీరు పెళ్ళిళ్ళకు వెళ్ళేవారు కాబట్టి వంటశాల సంగతి తెలిసే ఉంటుంది: కూరలు తరగడానికి పదహారు మంది కూర్చోవచ్చు, కానీ పప్పు ఉడకకముందే పోపు పెట్టడానికి ఎంతమంది నిలబడితే ఏం లాభం?

కంప్యూటర్ నిర్మాణ నిపుణుడు జీన్ ఆమ్‌డాల్ 1967లోనే ఈ హద్దును వివరించారు. ఒక ఫ్రేము పనిలో 60 శాతాన్ని పంచుకోగలిగితే, 16 కోర్లతో వచ్చే వేగం దాదాపు 2.3 రెట్లు మాత్రమే; కోర్లు వెయ్యి పెట్టినా 2.5 రెట్లు దాటదు. మీ సంతలో నిండుగా కనిపించిన ఆ ఒక్క గడి పంచడానికి వీల్లేకుండా మిగిలిపోయిన 40 శాతం లాంటిది. 32 గడుల్లో ఒకటి నిండితే మొత్తం లెక్కలో 3 శాతమే కనిపిస్తుంది గనుక, 14 శాతం అన్న అంకెను చూసి ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకోవడం పొరపాటు.

ఈ గొలుసును తెంపడానికి ప్రయత్నాలు జరగలేదని కాదు. ఇంటెల్ వారి పెంటియం 4 ప్రాసెసర్ వేగం వేడి కారణంగా 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది, దాంతో 2005లో రెండు కోర్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వచ్చాయి. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 అనే ఆటల యంత్రంలో ప్రధాన కోరుతో పాటు ఆటలకు ఆరు సహాయక కోర్లు దొరికేవి గానీ, ఒక్కొక్కదానికీ ఉన్న సొంత మెమరీ 256 కిలోబైట్లే. కావలసిన డేటాను ప్రోగ్రామరే దానిలోకి చేరవేసుకోవాలి. నానా అవస్థలూ పడ్డాము గానీ, పనిని చిన్న చిన్న ముక్కలుగా కోయడం మా రంగానికి అలవాటు చేసింది అదే. తరువాత 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో ఎనిమిది కోర్లున్నా వాటి వేగం 1.6 గిగాహెర్ట్జే కావడంతో, ఒక్క కోరును నమ్ముకుని బతికే దారి మూసుకుపోయింది.

ప్లేస్టేషన్‌కు ఆటలు తయారుచేసే నాటీ డాగ్ సంస్థ తమ పద్ధతిని 2015 గేమ్ డెవలపర్ల సదస్సులో వివరించింది. ఫిజిక్స్‌కు ఒక థ్రెడ్, శబ్దానికి ఒక థ్రెడ్ అని విడగొట్టకుండా, ప్లేస్టేషన్ 4లో ఆటలకు దొరికిన ఆరు కోర్లకు ఒకటి చొప్పున ఆరు థ్రెడ్లను పెట్టి, పని ముక్కలను 160 ఫైబర్ల (మధ్యలో ఆపి మళ్ళీ కొనసాగించగల తేలికపాటి థ్రెడ్ల) మీద నడిపారు. ఒక ముక్క మరొకదాని కోసం ఆగవలసి వస్తే దాన్ని పక్కన పెట్టి ఆ కోరు ఇంకో ముక్కను అందుకుంటుంది. అంతేకాక, ఒక ఫ్రేమును గీసే ఏర్పాట్లు జరుగుతుండగానే తరువాతి ఫ్రేము ఆట లెక్కను మొదలుపెట్టారు. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది: మీట నొక్కిన ఫలితం తెర మీదికి రావడం ఆ మేరకు ఆలస్యమవుతుంది.

పాతకాపు జవాబు:

పై జవాబు బాగుంది గానీ, ముక్కలు కోసినంత మాత్రాన వేగం రాదన్న మాట కూడా చేర్చాలి. తీరిక వేళల్లో కొంగల గుంపు ఎగిరే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసుకున్నాను. ఒక థ్రెడ్ మీద చక్కగా నడిచిన దాన్ని ఎనిమిది థ్రెడ్లకు పంచితే వేగం పెరగకపోగా తగ్గింది. రెండు రాత్రులు జుట్టు పీక్కున్నాక తెలిసింది ఏమిటంటే, ప్రతి థ్రెడ్డూ తన కొంగల లెక్కను ఒకే అర్రేలో (మెమరీలో వరుసగా ఉండే గడుల్లో) పక్కపక్కనే రాస్తోంది. ప్రాసెసర్ మెమరీని 64 బైట్ల లైన్లుగా క్యాష్‌లోకి (కోర్ల పక్కనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీలోకి) తెచ్చుకుంటుంది. ఒక్కొక్కటి 8 బైట్ల చొప్పున నా ఎనిమిది లెక్కలూ ఒకే లైనులో పడ్డాయి. ఒక కోరు తన లెక్కను రాసినప్పుడల్లా మిగిలిన ఏడు కోర్ల దగ్గరున్న నకలు చెల్లకుండా పోయి, అవి మళ్ళీ తెచ్చుకోవలసి వచ్చేది. గడుల మధ్య ఖాళీ వదిలిన తరువాత గానీ ఎనిమిది కోర్లకు ఎనిమిది కోర్ల పని చేయడం చేతకాలేదు.

ఇక మామూలు సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, మీ వీడియో ఎన్‌కోడింగ్, పెద్ద ప్రోగ్రాముల కంపైలేషన్, త్రీడీ రెండరింగ్ వంటివి కోర్లు పెరిగినకొద్దీ లాభపడుతూనే ఉన్నాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒకేసారి ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడును నడపగలిగేలా ఒక తాళం చాలా కాలంగా ఉంది. ఆ తాళం లేని రూపాన్ని 2024లో 3.13 వెర్షన్‌తో ప్రయోగాత్మకంగా ఇచ్చారు. ఉత్తరాలు టైపు చేసుకునే ప్రోగ్రాముకు మాత్రం అరవై నాలుగు కోర్లతో పనేముంది?

గోదారిగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. ఉన్న పనిని పంచడం కష్టమైతే, పనినే పెంచవచ్చు కదా? నా సంతలో నలభై మంది బదులు నాలుగు వందల మందిని పెట్టి, ఒక్కొక్కరూ తమ బేరం తాము ఆడుకునేలా చేస్తే ఖాళీ కోర్లన్నీ నిండుతాయి.

కోడ్‌కూలీ:

ఆలోచన సరైనదే. పని పరిమాణాన్ని పెంచుకుంటూ పోతే ఎక్కువ కోర్లు అక్కరకు వస్తాయని కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ గుస్తాఫ్‌సన్ 1988లోనే వాదించారు. అయితే మా ఆటను నాలుగు కోర్ల పాత ల్యాప్‌టాప్ మీద ఆడేవారు కూడా కొంటారు. అలంకారాలను యంత్రాన్నిబట్టి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కానీ నాలుగు వందల మంది బేరగాళ్ళు కథలో దారికి అడ్డం వస్తే, మీరు ఆడేదీ వారు ఆడేదీ రెండు వేరు ఆటలైపోతాయి. యంత్రాన్నిబట్టి పెంచదగిన అలంకారాల్లో ఎక్కువ భాగం ఎటూ గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తాయి. నా అంచనాలో అదనపు కోర్లను ముందుగా అందుకునేవి ఆట ఫలితాన్ని మార్చని పనులే: డిస్క్ నుంచి వచ్చే డేటాను విప్పడం, దూరాన ఉన్న జనం యానిమేషన్, బట్టల కదలిక, శబ్దం గోడలకు తగిలి ప్రతిధ్వనించే లెక్క.

ఈలోగా ఒకటి ప్రయత్నించండి. మీ ప్రాసెసర్‌లో ఎనిమిదేసి కోర్ల చిప్లెట్లు (చిన్న చిప్ ముక్కలు) రెండు ఉన్నాయి, దేని క్యాష్ దానిదే. 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌లో కోర్లు ఎనిమిదే అయినా, 96 మెగాబైట్ల క్యాష్ వల్ల చాలా ఆటల్లో మీ పదహారు కోర్ల ప్రాసెసర్‌ను మించిపోయింది. టాస్క్ మేనేజర్ అఫినిటీలో (ఏ ప్రోగ్రాము ఏ కోర్ల మీద నడవాలో ఎంచుకునే చోట) ఆటను మొదటి 16 థ్రెడ్లకే, అంటే ఒకే చిప్లెట్‌కు, కట్టేసి చూడండి.

గోదారిగట్టు:

చూశాను. సంతలో 50 కాస్తా 57 అయింది. మిగిలిన ఎనిమిది కోర్లు ఊరికే ఉండడమెందుకని, ఆదివారం తీసిన పెళ్ళి వీడియో ఎన్‌కోడింగ్‌ను వాటికి కట్టి ఆట ఆడాను. మెమరీని రెండూ పంచుకోవలసిందే కాబట్టి కాబోలు, 57 మళ్ళీ 54కు దిగింది. తలంబ్రాల ఘట్టం దాకా వీడియో పూర్తయింది.