పిరేయస్ రేవు మ్యూజియం: కంచు దేవతలను చూడడానికి ఒక పూట చాలునా?

ప్రశ్న: ఓడ ఇంజనీరు, తిరుపతి

సభ్యులకు నమస్కారం. నేను సరుకు ఓడలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. వచ్చే నెల మా ఓడ గ్రీసులోని పిరేయస్ రేవులో ఆగుతుంది, నాకు ఒక్క పూట మాత్రమే తీరిక దొరుకుతుంది. మెట్రో ఎక్కి ఏథెన్స్ వెళ్ళడమా, రేవు పట్టణంలోనే ఉన్న పురావస్తు మ్యూజియం చూడడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అక్కడ మురుగు కాలువ తవ్వకంలో బయటపడిన నిలువెత్తు కంచు విగ్రహాలు ఉన్నాయని తోటి ఉద్యోగి ఒకరు చెప్పారు. చిన్నతనంలో చంద్రగిరి రాజమహల్‌లోని లోహ విగ్రహాల ముందు నుంచి కదలనివాణ్ణి కనుక ఆ మాట మనసులో నిలిచిపోయింది. దేవతల విగ్రహాలు వీధి కిందికి ఎలా చేరాయి? మనిషిని మించిన ఎత్తున కంచును ఎలా పోత పోశారు?

సమాధానం 1: చరిత్ర అధ్యాపకుడు, చిత్తూరు

మీ మొదటి సందేహానికి సమాధానం చెబుతాను. 1959 జులైలో పిరేయస్ వీధిలో మురుగు గొట్టాల కోసం తవ్వుతున్న కూలీలకు ముందుగా ఒక కంచు చేయి కనిపించింది. అది గ్రీకు దేవుడు అపోలో విగ్రహానిది. ఆ చోటనే ఎథీనా దేవత విగ్రహం, పెద్దదీ చిన్నదీ రెండు ఆర్టెమిస్ దేవత విగ్రహాలు, విషాద నాటకాల్లో ధరించే ముఖం ఆకృతిలో చేసిన ఒక కంచు ముసుగు, కొన్ని పాలరాతి శిల్పాలు కూడా దొరికాయి. అపోలో ఎత్తు 1.91 మీటర్లు, ఎథీనా ఎత్తు 2.35 మీటర్లు. ఇవన్నీ ఒకే కాలానివి కావు. అపోలోను ఎక్కువ మంది క్రీ.పూ. 530-520 ప్రాంతానిదని చెబుతారు (పాత శైలిని అనుకరిస్తూ తరువాత చేసినదని వాదించేవారూ ఉన్నారు). ఎథీనా క్రీ.పూ. 4వ శతాబ్దానిది. వేర్వేరు కాలాల విగ్రహాలు ఒకే చోట ఉన్నాయంటే అది గుడి కాదు, ఓడకు ఎక్కించడానికి సరుకు దాచిన గిడ్డంగి అయి ఉంటుందని పండితుల ఊహ. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా పిరేయస్‌ను పట్టుకుని తగులబెట్టాడు, గిడ్డంగి ఆ మంటల్లోనే కూలి ఉండవచ్చు. అదే చోట ఆ యుద్ధంలో సుల్లాకు ప్రత్యర్థి అయిన పొంటస్ రాజు మిత్రిడేటిస్ కాలపు నాణెం దొరకడం ఈ ఊహకు బలం.

పురాతన గ్రీకు కంచు విగ్రహాలు అరుదుగా మిగలడానికి కారణం మనకు తెలియనిదేమీ కాదు. పాత లోహాన్ని కరిగించి కొత్త వస్తువు చేసుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. తిరుమల ప్రతిమా మండపంలో కృష్ణదేవరాయల, ఆయన ఇద్దరు దేవేరుల రాగి ప్రతిమలు జనం కళ్ళెదుటే ఉండి నిలిచాయి. పిరేయస్ విగ్రహాలు మాత్రం ఎవరి కంటా పడకపోవడం వల్లనే కరిగే గతి తప్పించుకున్నాయి.

సమాధానం 2: విగ్రహాల పోత పని చేసేవాడు, తిరుపతి

మా పనిలో మైనంతో బొమ్మ చేసి, దానిపై మట్టి పూతలు వేసి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తాము. శాస్త్రంలో దీనిని మధూచ్ఛిష్ట విధానం అంటారు. గ్రీకులదీ మూలంలో ఇదే పద్ధతి. తేడా లోపల ఉన్నది. మన ఉత్సవమూర్తులు సాధారణంగా ఘనంగా, అంటే లోపలంతా లోహంతోనే ఉంటాయి. వారు మట్టి గుజ్జుతో ముందు లోపలి ఆకారం చేసి, దాని చుట్టూ పలుచగా మైనం పరచి, బోలుగా పోసేవారు. మనిషి పరిమాణంలో ఉన్న విగ్రహాన్ని సుమారు 80 లీటర్లనుకుంటే, కంచు నీటికంటే దాదాపు తొమ్మిది రెట్లు బరువు కనుక, ఘనంగా పోస్తే 700 కిలోలు దాటుతుంది. బరువు ఒక్కటే చిక్కు కాదు, అంత మందమైన లోహం చల్లారేటప్పుడు అక్కడొక తీరు ఇక్కడొక తీరుగా కుంచించుకుని పగుళ్ళిస్తుంది. అపోలో లోపల ఆ మట్టి గుజ్జూ, దానిని నిలబెట్టిన ఇనుప కడ్డీలూ అలాగే మిగిలి ఉన్నాయి కనుకనే దానిని పోసిన తీరు ఇంత స్పష్టంగా తెలిసింది. మీరు ఇంజనీరు కనుక ముందు ఆ విగ్రహం దగ్గరే ఆగండి.

సమాధానం 3: గ్రీసు వెళ్ళివచ్చిన యాత్రికుడు, మదనపల్లె

పై ఇద్దరూ కంచును గురించే చెప్పారు, నాకు మాత్రం అక్కడ నచ్చినది పాలరాయి. నల్ల సముద్ర తీరపు ఇస్త్రియా నుంచి వచ్చి ఏథెన్స్‌లో స్థిరపడిన నికెరాటస్, అతని కుమారుడు పొలిక్సెనస్‌ల సమాధి కట్టడం 7 మీటర్లకు పైగా ఎత్తుతో ఒక గదినంతా ఆక్రమించి ఉంటుంది. పౌరసత్వం లేని పరదేశీయుడు అంత ఆడంబరం చేశాడు! క్రీ.పూ. 317లో ఏథెన్స్ పాలకుడు డెమెట్రియస్ ఇటువంటి సమాధులను నిషేధించాడంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. ఓడవారైన మీకు మరొకటి ముఖ్యం: 1930ల ఆరంభంలో రేవు నీటిలో దొరికిన ఉబ్బెత్తు చెక్కడపు పలకలు. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఏథెన్స్ శిల్పులు పాత శిల్పాలకు నకళ్ళు చెక్కి ఎగుమతి చేసేవారు, ఆ పలకలు రేవు దాటకుండానే మునిగిపోయాయి. వాటిలో కొన్ని ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడిలో ఒకప్పుడు ఉన్న ఎథీనా విగ్రహపు డాలుపైని యుద్ధ దృశ్యాలకు నకళ్ళు. అసలు డాలు నేడు లేదు కనుక దాని రూపం ఊహించడానికి ఈ మునిగిన సరుకు ఒక ముఖ్యమైన ఆధారం.

మ్యూజియం జియా రేవుకు దగ్గరగా ఉంటుంది, పక్కనే పురాతన రంగస్థలపు రాతి మెట్లూ కనిపిస్తాయి. ఒక పూట నిండుగా సరిపోతుంది. ఏథెన్స్ మరోసారి చూడవచ్చు. రేవులో ఒకప్పుడు ఉన్న ప్రసిద్ధ పాలరాతి సింహం కోసం మాత్రం వెతకకండి, దానిని 1687లో వెనిస్ సైన్యం తీసుకుపోయింది. మీ ఓడ ఎప్పుడైనా వెనిస్ చేరితే అక్కడి ఆయుధశాల ద్వారం ముందు అది కనిపిస్తుంది.