కిటికీ వెలుతురులో తీసే ఫొటోకి థర్మకోల్ షీటు పెడితే అది సహజ వెలుతురు కాదా?

గోదారిగట్టు:
ఈ నెల పోటీ అంశం కిటికీ పక్కన నిశ్చల చిత్రం, అంటే కదలని వస్తువుల ఫొటో. నిబంధన ఒక్కటే, సహజమైన వెలుతురు తప్ప ఏదీ వాడకూడదు. నేను ఇత్తడి చెంబు, పక్కన రెండు కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళు పెట్టి తీశాను. కిటికీ ఎడమవైపు. కుడివైపు మరీ నల్లబడుతుంటే టీవీ డబ్బాలో వచ్చిన థర్మకోల్ షీటు నిలబెట్టాను. దీపం లేదు, ఫ్లాష్ లేదు. అయినా ఫొటో కింద "ఇది పోటీకి చెల్లదు" అని ఒకరు రాశారు. ఎందుకు చెల్లదో చెప్పండి.

నలుపుతెలుపు:
రాసింది నేనే. థర్మకోల్ దీపం కాదు, నిజమే. కానీ మీ చెంబు కుడి అంచు ఒకసారి పెద్దది చేసి చూడండి. మెడ కింద నుంచి అడుగు దాకా సన్నగా ఒక తెల్ల గీత ఉంది. అది కిటికీ ఇచ్చింది కాదు, షీటు ఇచ్చింది. ఎడమ పక్క కిటికీ మెరుపు, కుడి పక్క ఈ మెరుపు, మధ్యలో చెంబు బొజ్జ చదునైపోయింది.

చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న మనిషి. 1940 నుంచి ఏళ్ల తరబడి ప్రాగ్‌లో తన స్టూడియో కిటికీ దగ్గరే పనిచేశాడు. గ్లాసులో నీళ్ళు, ఒక గుడ్డు, రొట్టె ముక్క, అంతే. ఆ ఫొటోల్లో నీడ నీడగానే ఉంటుంది.

వేపచెట్టు:
చెంబు మాత్రం భలే మెరుస్తోంది. చింతపండుతో తోమారా?

ఆవకాయజాడీ:
సుదెక్ పేరు ఎత్తారు కాబట్టి అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ సంగతి కూడా చూద్దాం. 1930లో ఆయన తీసిన క్యాప్సికం ఫొటో అందరికీ తెలుసు. ఆ కాయను తగరపు గరాటులో పెట్టి తీశాడు. గరాటు లోపలి వంపు వెలుతురును తిప్పి కొట్టబట్టే కాయ పక్కలు అలా తేలాయి. మరి అదీ చెల్లదా?

మా వంటింటి కిటికీకి ఎదురుగా పక్క అపార్ట్‌మెంట్ గోడ ఉంది. ఆకాశం జానెడు కూడా కనబడదు. నాకు వచ్చే వెలుతురంతా ఆ గోడ మీద పడి వచ్చేదే. పోయిన దసరాకి వాళ్ళు గులాబీ రంగు వేయిస్తే నా తెల్ల పింగాణీ జాడీలన్నీ గులాబీగా వచ్చాయి. పక్కింటి గోడ తిప్పి కొడితే సహజం, నా ఇంట్లో థర్మకోల్ తిప్పి కొడితే అసహజమా?

ఉత్తరందిక్కు:
అసలు విషయం ఎవరూ అడగడం లేదు. చెంబు పెట్టిన కిటికీ ఏ దిక్కు? ఉత్తరం కిటికీ అయితే ఎండ నేరుగా పడదు, వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది. షీటు గొడవే రాదు. చిత్రకారులు ఉత్తరం కిటికీ ఊరికే పెట్టుకోలేదు.

గోదారిగట్టు:
ఉత్తరం గారూ, ఆ లెక్క యూరప్‌ది. ప్రాగ్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపే ఉంటాడు. మనకి అలా కాదు. హైదరాబాద్‌లో సుమారు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలు దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి ఉంటాడు. జూన్‌లో అయితే పొడవడమే తూర్పుకి పాతిక డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు. పొద్దున, సాయంత్రం ఉత్తరం కిటికీలోకి ఎండ ఏటవాలుగా పడుతుంది. మామిడిపళ్ళ కాలంలో మీ ఉత్తరం కిటికీని నమ్ముకోలేం.

ఉత్తరందిక్కు:
పైన సజ్జా ఉంటే పడదు.

గోదారిగట్టు:
సజ్జా నడినెత్తి ఎండని ఆపుతుంది. పొద్దున కిందినుంచి వచ్చేదాన్ని ఎలా ఆపుతుందండీ?

కాకినాడకాజా:
ఇంకో మాట. ఎండ లేని కిటికీకి కూడా పల్చటి పంచె కడతారు కొందరు, నీడ మెత్తబడుతుందని. ఎండ నేరుగా పడుతుంటే పంచె అవసరమే, అప్పుడు గుడ్డే పెద్ద దీపంలా పనిచేస్తుంది. వచ్చేదే ఆకాశపు వెలుతురైతే కిటికీ సైజు మారదు కదా, నీడ పెద్దగా మెత్తబడదు. వెలుతురు తగ్గి షట్టర్ ఇంకాసేపు తెరిచి ఉంచాల్సి వస్తుంది.

నా డౌటు ఒకటి. గాజు సీసా అంచు స్పష్టంగా తేలడానికి నేను పక్కన నల్ల చార్టు పెడతాను. అదీ చెల్లదా?

నలుపుతెలుపు:
నల్ల చార్టుకి నాకు అభ్యంతరం లేదు. అది వెలుతురు కలపదు, ఉన్నది తగ్గిస్తుంది.

ఆవకాయజాడీ:
ఆగండి. నీడ పెంచితే సహజం, తగ్గిస్తే మోసమా? ఇంతసేపూ నిబంధన నిబంధన అన్నారు. మీకు కావలసింది సహజ వెలుతురు కాదు మాస్టారూ, చీకటి. అది నేరుగా చెప్పండి.

నలుపుతెలుపు:
సరే, నేరుగానే చెబుతాను. రెండు నెలల కిందట నేను పెట్టిన కంచం ఫొటో గుర్తుందా? ఖాళీ కంచం, అంచు మీద సన్నటి వెలుగు, మిగతాది నలుపు. "ఏమీ కనబడట్లేదు" అని ఒక్క ముక్కతో పక్కన పెట్టారు. అంతకుముందు ఒక మిఠాయి కొట్టుకి పని చేశాను. పూతరేకుల మడతలు కనబడేలా పక్కనుంచి వెలుతురు తీసుకుంటే, నీడలు తీసేసి మళ్ళీ పంపమన్నారు. పంపలేదని డబ్బు ఎగ్గొట్టారు. నీడ తీసేస్తే ఆ పొర తెల్ల కాగితంలా ఉంటుంది. అది పల్చన అని కంటికి చెప్పేది ఆ నీడే. ఇక్కడ కూడా ప్రతి నెలా గెలుస్తున్నవి ఆ కొట్టువాడు అడిగిన లాంటి ఫొటోలే. నా కోపం థర్మకోల్ మీద కాదు.

ఆవకాయజాడీ:
మీ డబ్బు ఎగ్గొట్టడం అన్యాయం. కానీ నా వైపు కూడా వినండి. నేను పచ్చళ్ళు అమ్ముతాను. మొదట్లో వంటింటి ఎల్ఈడీ బల్బు ఆపకుండా తీసేదాన్ని. ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం. కెమెరాలో వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనబడేలా చేసే రంగుల సర్దుబాటు, ఎటు సరిచేసినా రెండో పక్క చెడేది. నూనె గోధుమరంగులో వచ్చి, పాత పచ్చడి అనుకుని ఒకావిడ పార్సిల్ వెనక్కి పంపేసింది. అప్పటినుంచి బల్బు ఆపి, కిటికీ, థర్మకోల్, రంగులు సరిచూసుకోడానికి ఒక గ్రే కార్డు (బూడిదరంగు అట్ట). ఫొటోలో ఉన్న ఎరుపే జాడీలో ఉండాలి. ఫొటోలో మీరు చూసేది వెలుతురు. నేను వస్తువు చూస్తాను. నాకు నీడలో ఆవ కనబడకపోతే ఆ ఫొటో పనికిరాదు.

వేపచెట్టు:
అయితే ఇద్దరి గొడవా నిబంధన గురించి కానే కాదన్నమాట.

నలుపుతెలుపు:
అవును. థర్మకోల్‌ని ఒప్పుకోమంటే ఒప్పుకుంటాను. బదులుగా "చీకటిగా ఉంది" అన్న కారణం ఒక్కదానితో ఏ ఫొటోనీ పక్కన పెట్టకూడదని నిబంధనల్లో రాయాలి.

ఆవకాయజాడీ:
రాయండి, నేనేం అడ్డుపడను. కానీ జాడీలో నూనె తేలిందో లేదో తెలియని ఫొటోకి నేను ఓటు వెయ్యను. ముందే చెబుతున్నా.

ఉత్తరందిక్కు:
కిటికీ దిక్కు, తీసిన నెల, టైము కూడా ఫొటో కింద తప్పనిసరిగా రాయమనండి.