కళాశాల చదువుకు సెలవుల్లో సిద్ధం కావడం ఎలా? నాలుగు గంటలుగా రెండు పుటలు దాటలేదు

దేవరకొండ విద్యార్థి:
సార్లకు, అన్నలకు, అక్కలకు నమస్కారం. జూన్‌లో కళాశాల మొదలయ్యేలోపు కొంత ముందుగా చదువుకుందామని మా వీధిలో ఒక అన్న దగ్గర భౌతికశాస్త్రం పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఈ రోజు తెల్లవారుజామున అయిదింటికి కూర్చుంటే తొమ్మిది దాటినా రెండు పుటలు కాలేదు. ఒకే లెక్కను ఆరుసార్లు చదివినా ఏమి ఇచ్చారో, ఏమి కనుక్కోమన్నారో కూడా అంతుపట్టలేదు. మాది రేకుల ఇల్లు. పొద్దెక్కితే లోపల కూర్చోలేము కనుక నాకు దొరికేవి ఆ నాలుగు గంటలే, అవీ ఇలా వృథాగా పోతున్నాయి. బడిలో సైన్సులో నాకు మంచి మార్కులే వచ్చేవి. నేను గ్రూపు మార్చుకోవడం మంచిదా?

నల్లగొండ పాతకాపు:
ఏ తరగతి పూర్తయింది? ఏ గ్రూపు? ఏ లెక్క?

మిర్యాలగూడ తండ్రి:
బాబూ, ఇంకొన్ని రోజుల్లో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ పెట్టుకొని ఇప్పుడు పాఠాలు మొదలుపెట్టడం ఆలస్యమే. 160 ప్రశ్నల్లో 80 గణితానివే, భౌతికశాస్త్రానికి 40 మాత్రమే. తప్పు రాస్తే మార్కులు తగ్గించరు కనుక ఒక్కటీ వదలకుండా గుర్తించు. ఇంటర్ మార్కులకు వెయిటేజీ తీసేశారు కాబట్టి ర్యాంకు అంతా ఆ మూడు గంటల మీదే ఆధారపడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆరో తరగతి నుంచి చదివిన ప్రతి బడి నుంచీ బోనఫైడ్ పత్రం తెచ్చుకో. మా పెద్దమ్మాయి కౌన్సెలింగ్ నాటికి ఒక బడి మూతపడి ఉండటంతో ఆ పత్రం కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ ఎండలో ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో కూడా చూసుకో.

దేవరకొండ విద్యార్థి:
క్షమించండి, నేను మొన్ననే పదో తరగతి పరీక్షలు రాశాను. కళాశాల అంటే జూనియర్ కళాశాల అని నా ఉద్దేశం. ఎంపీసీ తీసుకుందామని అనుకుంటున్నాను.

మిర్యాలగూడ తండ్రి:
కళాశాల అని రాస్తే డిగ్రీయో, ఇంజినీరింగో అనుకుంటాము కదా. ఇంటర్ అని రాయవలసింది.

నల్లగొండ పాతకాపు:
మన జిల్లాలో పది దాటగానే కాలేజీ అనే అంటారు. అందులో పిల్లవాడి తప్పు లేదు.

వనపర్తి పదకోశం:
లెక్క అర్థం కాకపోవడానికి కారణం పదాల మీద పట్టు లేకపోవడం. వడి వేరు, వేగం వేరు. వడికి దిశ ఉండదు, వేగానికి ఉంటుంది. బస్సులు వేగంగా వెళ్తున్నాయని పత్రికలు రాసినప్పుడల్లా వాటి ఉద్దేశం వడి అన్నమాటే. దూరానికి, స్థానభ్రంశానికి మధ్య ఉన్న తేడా కూడా ఇటువంటిదే: ఊరి చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వస్తే నడిచిన దూరం ఎంతయినా కావచ్చు గాని స్థానభ్రంశం సున్నా. ఇంతటి చక్కని పదాలు మనకు ఉండగా వాటిని వదులుకుంటున్నాము.

పాలమూరు అధ్యాపకుడు:
పదకోశం గారు దారి పక్కనే నడుస్తున్నారు. బాబూ, నీది తెలుగు మాధ్యమం, నువ్వు తెచ్చుకున్నది ఇంగ్లీషు పుస్తకం, అంతేనా? ఈ లెక్క చేసి చూడు: గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకు బ్రేకులు వేస్తే సమ త్వరణంతో, అంటే వేగం ఒకే రేటున తగ్గుతూ, 5 సెకన్లలో ఆగింది. త్వరణం ఎంత? ఆగేలోపు ఎంత దూరం పోయింది?

దేవరకొండ విద్యార్థి:
అవును సార్, బడి తెలుగు మాధ్యమమే, పుస్తకం ఇంగ్లీషుది. అది చెప్పవలసిన విషయమని తోచలేదు. ఇది తొమ్మిదో తరగతి లెక్క కదా. 72 అంటే సెకనుకు 20 మీటర్లు. త్వరణం మైనస్ 4, దూరం 50 మీటర్లు.

పాలమూరు అధ్యాపకుడు:
నువ్వు పొద్దుటి నుంచి కుస్తీ పట్టింది ఇటువంటి లెక్కతోనే అయి ఉంటుంది. భౌతికశాస్త్రం నీకు వచ్చు కనుక గ్రూపు మార్చే మాట మరిచిపో. నీకు రానిది ఆ ఇంగ్లీషు వాక్యం.

ఇంటర్ పుస్తకాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. ఎదురెదురు పుటల్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ అచ్చయిన ద్విభాషా పాఠ్యపుస్తకం మీ బడిలో దొరుకుతుందేమో అడిగి, తొమ్మిదో తరగతి చలనం పాఠం తెచ్చుకో. తెలిసిన లెక్కనే ఇంగ్లీషు పుటలో చదివి, తెలుగు పుటతో సరిచూసుకుంటూ, త్వరణానికి యాక్సిలరేషన్, ద్రవ్యరాశికి మాస్, స్థానభ్రంశానికి డిస్‌ప్లేస్‌మెంట్ అని నీ చేతితో ఒక నోటుబుక్కులో రాసుకో. రోజుకు పది పదాలు చాలు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చే పిల్లల్లో మొదటి రెండు నెలల్లో బెదిరిపోయేవారిని ఏటా చూస్తాను. వారిలో చాలామందికి తక్కువైంది తెలివి కాదు, ఈ నోటుబుక్కే.

గణితంలో పదో తరగతి మొదటి అధ్యాయంలోని సంవర్గమానాలను (లాగరిథమ్స్) మళ్లీ చూడు, రసాయనశాస్త్రంలో ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ లెక్కలకు అవి లేకుండా గడవదు. త్రికోణమితిలో బడిలో లంబకోణ త్రిభుజం దాటలేదు, ఇంటర్‌లో కోణం ఎంతయినా ఉండవచ్చు, డిగ్రీలతో పాటు రేడియన్లూ వస్తాయి. ఇంకో చిక్కు ఉంది: భౌతికశాస్త్రం మొదటి పాఠాల్లోనే అవకలనం (డిఫరెన్షియేషన్, ఒక రాశి మారే రేటును కనుక్కొనే పద్ధతి) అడుగుతుంది, గణితంలో అది వచ్చే సమయానికి నెలలు గడిచిపోతాయి. ఆ చిక్కుకు ఇప్పుడే భయపడవద్దు, తరగతిలో మేము దాటిస్తాము.

సూర్యాపేట బాబాయి:
ఇంత శ్రమ ఎందుకు? హైదరాబాదులో హాస్టల్‌తో బ్రిడ్జి కోర్సులు పెడుతున్నారు, చేర్పిస్తే అంతా వారే చూసుకుంటారు.

పాలమూరు అధ్యాపకుడు:
వేసవి సెలవుల్లో తరగతులు పెట్టకూడదని ఇంటర్ బోర్డు ఏటా చెబుతూనే ఉంది. పైగా బ్రిడ్జి అంటే బడిలో చదివిన దానికీ ఇంటర్‌కూ మధ్య వంతెన. చాలాచోట్ల ఆ పేరుతో మొదటి సంవత్సరం సిలబస్‌నే ముందుగా పరుగెత్తిస్తారు. ఈ పిల్లవాడికి అక్కడా ఇదే లెక్క, ఇదే ఇంగ్లీషు వాక్యం ఎదురవుతాయి, ఆగి చెప్పేవారు ఉండరు.

వనపర్తి పదకోశం:
రుణ త్వరణం అనకుండా మైనస్ 4 అని ఊరుకోవడం సరికాదు. ప్రమాణం కూడా రాయలేదు.

దేవరకొండ విద్యార్థి:
సెకను వర్గానికి మీటర్లు సార్. పొద్దుటి లెక్కను మళ్లీ చూశాను. రిటార్డేషన్ అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయానని, అది రుణ త్వరణమేనని ఇప్పుడు తెలిసింది. థ్యాంక్స్.

మిర్యాలగూడ తండ్రి:
బాబూ, స్కాలర్‌షిప్‌కు ఆదాయ ధ్రువపత్రం అవసరం పడుతుంది. మీ సేవలో దరఖాస్తు పెట్టావా?