పాప డిబ్బీలో డబ్బు తీసుకోవడం తప్పా? అందులోనూ లక్ష్మివారం నాడు?

పర్లాకిమిడి నాన్న (శనివారం రాత్రి 9:40)

మా ఇంట్లో గొడవ, కాస్త తీర్పు చెప్పండి. మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఫోన్లు బాగుచేసే కొట్టు, గిరాకీలో సగం పాతపట్నం వైపు నుంచే. నెలకి 5,000 చొప్పున 20 మంది కలిసి వేసుకున్న చీటీ ఒకటి కడుతున్నాను. మొన్న 4న కట్టాల్సి ఉండగా రావలసిన బాకీలు రాక 1,500 తక్కువైంది. ఒక్క రోజు దాటితే జరిమానా, నలుగురిలో మాట. పాప డిబ్బీ గుర్తొచ్చింది. పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. అది నిద్రపోయాక పెన్సిల్ బాక్సులోంచి తాళం తీసి మూడు ఐదొందల నోట్లు తీసుకున్నాను. అవి సంక్రాంతికి మా అత్తగారు ఇచ్చినవి. రెండు రోజుల్లో పెట్టేద్దామనే ఉద్దేశం.

మర్నాడే పట్టుకుంది. నోటుబుక్కు వెనక అట్ట మీద లెక్క రాసుకుంటోందట, నాకు తెలీదు. "నాన్నా, 2,340 ఉండాలి, 840 ఉంది" అంది. కంగారులో "నువ్వే తప్పు లెక్కపెట్టి ఉంటావమ్మా" అనేశాను. పాపం మూడుసార్లు లెక్కపెట్టింది.

ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. మా ఆవిడ "చప్పుడు కాకుండా తిరిగి పెట్టేయండి, చిన్నపిల్లకి మన కష్టాలెందుకు" అంటోంది. అమ్మ "ఇంట్లో డబ్బుకి పేర్లేంట్రా" అంటూనే, మార్గశిర లక్ష్మివారం నాడు డబ్బు గడప దాటించానని అన్నం దగ్గర కూడా మాట్లాడటం లేదు. పక్కింటి ఒడియా వాళ్లు మాణబసా అని మార్గశిర గురువారాల్లో చేసే లక్ష్మీపూజకి గుమ్మం నిండా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేసుకున్న రోజే మా లక్ష్మి నా జేబులో కూర్చుని వీధిలోకి వెళ్లిపోయింది. మీరేమంటారు?

బరంపురం పిన్ని (10:05)

వారం సంగతి పక్కన పెట్టినా మీ అమ్మగారు చెప్పిందే కరెక్టు. నా పెళ్లయిన కొత్తలో ఆడపడుచు పెళ్లికి నా మెడలో పుస్తెలు తప్ప అన్నీ తాకట్టుకి వెళ్లాయి. నన్నెవరూ అడగలేదు. అప్పడాలు ఒత్తి అమ్మిన డబ్బూ అత్తగారి చేతికే ఇచ్చాను. అలా అందరిదీ ఒకచోట చేరబట్టే ఇల్లు నిలబడింది. ఎనిమిదేళ్లకే నా డబ్బు, నీ డబ్బు అని నేర్పితే రేపు మీరు మంచాన పడితే ఆసుపత్రి బిల్లు వాటాలు వేస్తుంది.

జయపురం చెల్లి (10:11)

పిన్నిగారూ, అడక్కుండా నగలు తీసుకుంటే మీకేమీ అనిపించలేదా?

బరంపురం పిన్ని (10:20)

అనిపించకేం. ముప్ఫయ్యేళ్లయినా ఆ గాజుల మీది నగిషీ కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఇల్లు ఇల్లే.

జయపురం చెల్లి (10:24)

అన్నగారూ, మీకో ప్రశ్న. వదినగారికి ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ల ఖాతాలో వేసే సుభద్ర డబ్బు పడుతుందా? పడితే ఆవిడని అడక్కుండా పిల్ల పెన్సిల్ బాక్సు మీద పడ్డారేం?

పర్లాకిమిడి నాన్న (10:31)

రాఖీ పున్నానికి పడిన 5,000 దసరాకే హరీమంది. మళ్లీ పడేది మార్చి 8న. ఉన్నా అడిగేవాణ్ణి కాదేమో. ఆవిడ నిద్రలో ఉన్నా లెక్క తప్పదు.

గుణుపురం మాస్టారు (ఆదివారం ఉదయం 6:15)

నేను ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెబుతాను. మీరందరూ డబ్బు ఎవరిదన్న దగ్గరే ఆగిపోయారు. నాకు బాధ కలిగించింది 1,500 కాదు, "నువ్వే తప్పు లెక్కపెట్టావు" అన్న మాట. మూడో తరగతి పిల్లకి వేలలో తీసివేత అప్పుడప్పుడే పట్టుబడుతుంది. 2,340లోంచి 840 తీసేస్తే 1,500 అని తనంతట తాను చేసుకుంది. సరైన జవాబు తెచ్చిన పిల్లని పట్టుకుని తప్పన్నారు. నా క్లాసులో అలా అంటే ఆ పిల్ల వారం రోజులు చెయ్యెత్తదు.

అప్పు చేయడం తప్పు కాదు. మన ఇళ్లలో పొదుపూ అప్పూ పక్కపక్కనే ఉంటాయి, అది పిల్లలు చూడాల్సిందే. కూర్చోబెట్టి చెప్పండి: చీటీ ఇది, ఇంత కట్టాలి, ఇంత తగ్గింది, నీ దగ్గర తీసుకున్నాను, అడగకపోవడం నాదే తప్పు, ఫలానా రోజుల్లో ఇస్తాను. కాగితం మీద రాసి సంతకం పెట్టండి. దొంగచాటుగా తిరిగి పెట్టారో, తన లెక్క మీద తనకే అనుమానం ఉండిపోతుంది.

వంశధార గట్టు (7:02)

మాస్టారూ, అంతా బాగుంది గానీ వడ్డీ మాట మాత్రం ఎత్తకండి. మా వాడి దగ్గర ఓసారి 200 తీసుకుని, సరదాకి 220 ఇచ్చాను. పొదుపు నేర్పుతున్నానని మురిసిపోయాను. పదిహేను రోజులకి స్కూలు నుంచి కబురొచ్చింది. పక్క బెంచీ వాడికి పది రూపాయలిచ్చి పన్నెండు వసూలు చేస్తున్నాడట, ఇవ్వకపోతే రబ్బరు తాకట్టు. వాడికి తొమ్మిదేళ్లు.

జయపురం చెల్లి (7:10)

రబ్బరు తాకట్టు! పిన్నిగారి గాజుల కథ మళ్లీ మొదలైంది.

రాయగడ కౌంటర్ (8:45)

బ్యాంకులో పనిచేస్తాను, కాబట్టి నాలుగు ముక్కలు. డిబ్బీలో డబ్బు పెరగదు, పైగా తాళం ఎక్కడుందో మీకు తెలుసు. పదేళ్లు నిండిన పిల్లలు పొదుపు ఖాతా తామే తెరిచి నడుపుకోవచ్చు, ఎంత మొత్తం వరకు అన్నది బ్యాంకు చెబుతుంది. రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఈ నిబంధనలు సవరించింది. మీ పాపకి ఎనిమిదే కాబట్టి సంరక్షకుడు కావాలి. ఆ సంరక్షకుడు మీరే. అంటే తాళం మళ్లీ మీ దగ్గరికే!

అందుకే ఆడపిల్లకి నేను సుకన్య సమృద్ధి చెబుతాను. పదేళ్లలోపే తెరవాలి, మీకింకా టైముంది. ఏడాదికి కనీసం 250, గరిష్ఠం లక్షన్నర. 15 ఏళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకి చేతికొస్తుంది. పదో తరగతి పాసయ్యాక గానీ, 18 నిండాక గానీ చదువుకి సగం వరకు తీయొచ్చు. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం, ఆ లెక్కన సుమారు తొమ్మిదేళ్లకి రెట్టింపు. మధ్యలో చీటీ గుర్తొచ్చినా నాన్న వేలు పెట్టలేడు.

గుణుపురం మాస్టారు (9:05)

పథకం మంచిదే. కానీ ఎనిమిదేళ్ల పిల్లకి 21 ఏళ్ల తర్వాత అంటే వచ్చే జన్మ కింద లెక్క. చేతికి తగిలి గలగలలాడేది ఒకటి ఉండాలి.

రాయగడ కౌంటర్ (9:12)

నిజమే. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. పోస్టాఫీసు ఆర్.డి. (రికరింగ్ డిపాజిట్) నెలకి 100తో కూడా కట్టొచ్చు, ఐదేళ్లు. పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించే పని మా అమ్మాయిదే.

పేరు వద్దు (11:30)

ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటాను అంతే. పిల్లలకి టెన్షన్ ఎందుకు, చెప్పొద్దు అన్న మీ ఆవిడగారి మాట మా నాన్నదీ. అందుకే రాస్తున్నాను.

మాది కొరాపుట్ దగ్గర. నాన్న గుమస్తా. నాకూ తమ్ముడికీ పుట్టినరోజులకి, పండగలకి వచ్చిన ప్రతి రూపాయీ మా పేరున కూడబెట్టేవాడు. "మీ కాలేజీకి" అనేవాడు. బ్యాంకులో ఉందనుకున్నాం. తెలిసినాయన ఏజెంటుగా ఉన్న ఒక కంపెనీలో, ఎక్కువ వడ్డీ అంటే పెట్టాడు. 2013లో ఒడిశాలో అలాంటి కంపెనీలు ఒకదాని వెంట ఒకటి మూతపడి, ప్రభుత్వం జస్టిస్ ఎం.ఎం. దాస్ కమిషన్ వేసింది చూడండి, అప్పుడు మాదీ పోయింది. నాన్న ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. రెండేళ్లు రోజూ మామూలుగానే ఆఫీసుకి వెళ్లొచ్చాడు. నాకు సీటొచ్చి, ఫీజు కట్టడానికి "ఆ డబ్బు తీయండి నాన్నా" అన్న రోజు వరండాలో కూర్చుండిపోయాడు. డబ్బు పోయినందుకు నాకు కోపం లేదు, ఊళ్లో అందరికీ పోయింది. ముందే చెప్పి ఉంటే నేను స్కాలర్‌షిప్పుకి దరఖాస్తు పెట్టుకునేదాన్ని. గడువు దాటిపోయింది. ఒక ఏడాది ఇంట్లో ఉన్నాను.

మీ పాప పుస్తకం వెనక లెక్క రాసుకుంటోందంటే నాకు ముచ్చటేసింది. ఆ లెక్క చెడగొట్టకండి.

బరంపురం పిన్ని (11:52)

తల్లీ, ఏడిపించావు. మా మరిది కూడా అలాంటి చిట్ ఫండులోనే పెట్టాడు. ఆ పేరెత్తితే ఇప్పటికీ లేచి వెళ్లిపోతాడు.

రాయగడ కౌంటర్ (12:10)

ఒక చిన్న సవరణ పిన్నిగారూ. మన ఒడిశాలో ఆ కంపెనీలన్నిటినీ చిట్ ఫండ్ అనేస్తాం గానీ, చాలావరకు అవి చీటీలే కావు. చీటీ అంటే సభ్యుల డబ్బు సభ్యుల్లోనే తిరగడం, దానికి 1982 నాటి చట్టం ఉంది. ఇవి జనం దగ్గర డిపాజిట్లు లాగి, కొత్తవాళ్ల డబ్బు పాతవాళ్లకిచ్చిన బాపతు. అయితే అన్నగారూ, మీ 20 మంది చీటీ కూడా నమ్మకం మీద నడిచేదేగా? రిజిస్టరు చేసినది కాకపోతే, పాడుకున్నవాడు ఎగ్గొడితే అడగడానికి కాగితం ఉండదు. పాప మీ దగ్గర రాయించుకోబోయే కాగితం దానికంటే గట్టిది.

పర్లాకిమిడి నాన్న (సోమవారం రాత్రి 10:15)

చెప్పేశాను. మా ఆవిడ వంటింట్లోంచి వింటూనే ఉంది, అడ్డు రాలేదు.

చీటీ అంటే ఏంటో చెప్పడానికి గంట పట్టింది. చింతపిక్కలు 20 పోసి, నెలకొకరు పాడుకోవడం ఆడి చూపించాను. "అయితే తొందరపడినవాళ్లకి తక్కువొస్తుందా?" అని అడిగింది. అవునన్నాను. "మరి నువ్వు ఎప్పుడు పాడావు?" అంది. రెండో నెలలోనే, కొట్టు అడ్వాన్సుకి. మొహం దాచుకోవాల్సి వచ్చింది.

డబ్బు తీసింది నేనేనని చెప్పినప్పుడు ఏడవలేదు. "అంటే నా లెక్క కరెక్టేగా?" అంది. మాస్టారూ, మీకో దండం. తర్వాత నోటుబుక్కు తెచ్చి "నాన్న 1,500" అని రాసి, కింద వారానికి 300 చొప్పున ఐదు గళ్లు గీసి సంతకం పెట్టమంది. అంతా ఒడియాలో రాసింది. తెలుగు కూడా వచ్చు కదా అంటే, "తెలుగైతే నానమ్మ చదివేస్తుంది, అందరికీ చెప్పేస్తుంది" అంది. అమ్మ వచ్చి ఏంటే అదీ అని అడిగితే "హోంవర్క్" అంది నా వైపు చూడకుండా. అబద్ధం ఎవరి దగ్గర నేర్చిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

వడ్డీ అడగలేదు, నేనూ ఎత్తలేదు. మొదటి 300 ఈ రాత్రే ఇచ్చాను, కొట్టు గల్లాలోంచి పది రూపాయల బిళ్లలు ముప్ఫై. లెక్కపెట్టి వెనక్కి తోసేసింది. నోట్లే కావాలట. బిళ్లలు మా సందు చివర కిరాణా ఆంటీ తీసుకోదట.

రాయగడ కౌంటర్ (10:22)

చెల్లుతాయి. పది రూపాయల బిళ్లలు అప్పటికే 14 రకాలున్నాయి, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పింది.

పర్లాకిమిడి నాన్న (10:26)

చెప్పాను సార్. "అయితే ఆంటీకి నువ్వే చెప్పి, మార్చి తీసుకురా" అంది. రేపు పొద్దున్నే వెళ్లాలి.