ఇంట్లో పేపర్ మానేద్దామా?

ఖమ్మం_అబ్బాయి: గేటు దగ్గర పేపర్ పడగానే మా నాన్నగారు జిల్లా పేపర్ లాక్కునేవారు, మెయిన్ పేపర్ తర్వాత సంగతి. ఇప్పుడది మడత కూడా విప్పకుండా టీపాయ్ మీదే ఉంటోంది. లేవగానే వాట్సాప్‌లో ఎవరో పంపిన పీడీఎఫ్, ఆ తర్వాత టిఫిన్ దాకా యూట్యూబ్. బిల్లు దండగ, మానేద్దాం అంటోంది అమ్మ. మీ ఇళ్లలో ఏం చేశారు?

తెనాలి_సుజాత: మానకండి తమ్ముడూ. 2020 లాక్‌డౌన్‌లో ఆపేశాం, మళ్లీ వేయించుకోలేదు. ఢిల్లీ గొడవలన్నీ ఫోన్‌లో తెలుస్తున్నాయి కానీ మా పేటలో కరెంటు ఎప్పుడు తీస్తారో, నీళ్లు ఏ రోజు రావో తెలియడం లేదు. నాన్నగారితో పనిచేసిన ఆయన పోతే, పెద్దకర్మ కూడా అయిపోయాక తెలిసింది. ఈనాడు 1989లో జిల్లా పేపర్లు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఊరి కబురంటే మాకు అదే. యూట్యూబ్‌లో నిన్న ఏది చూస్తే ఇవాళా అదే వస్తుంది, మన ఊరు దానికెందుకు?

డల్లాస్_తెలుగమ్మాయి: నాకు మాత్రం ఫోనే దిక్కు. అక్కడ తెల్లారేసరికి ఇక్కడ రాత్రి భోజనాలవుతాయి, అప్పుడు ఈ-పేపర్ తెరిచి మా జిల్లా పేజీ చదువుతాను. చతుర, విపుల కథల మాసపత్రికలు 2021లో ఆగిపోయినప్పుడు మా అమ్మ చాలా బాధపడింది. ఇప్పుడు ఫోన్‌లో కథలు వింటోంది, కళ్లు సరిగ్గా కనపడని వాళ్లకి అదెంత ఆసరానో! ఒక్కటి మాత్రం మీ నాన్నగారికి చెప్పండి. గ్రూపుల్లో తిరిగే పేపర్ క్లిప్పింగుల్లో దొంగవి చాలా ఉంటాయి, అవే అక్షరాలు, అదే పేపర్ పేరు. ఎన్నికలప్పుడైతే మరీనూ. ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి, ఆ ఎడిషన్‌లో ఉందో లేదో చూడకుండా ఎవరికీ పంపొద్దనండి.

పేపర్_ఏజెంట్: నేను తెల్లవారుజామునే కట్టలు దించుకుని, జిల్లా పేపర్లు, పాంప్లెట్లు లోపల పెట్టి పంపిస్తాను. మానేసేవాళ్లలో ఎక్కువమంది కుర్రకారే. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలు మాత్రం ఇప్పటికీ కొనుక్కుని, ఎడిటోరియల్ పేజీ కత్తిరించి దాచుకుంటున్నారు. కొత్త పేపర్ బాయ్స్ దొరకడమే కష్టంగా ఉంది, వర్షాకాలంలో అయితే చాలాసార్లు నేనే వేసొస్తున్నా.

ఖమ్మం_అబ్బాయి: సుజాతక్క చెప్పింది నాన్నకి చదివి వినిపించా, జిల్లా పేపర్ ఉండాల్సిందే అన్నారు. ఏజెంట్ గారూ, శని, ఆదివారాలు మాత్రమే వేయించుకోవచ్చా?

పేపర్_ఏజెంట్: మా దగ్గర అలా వేయించుకునేవాళ్లు ఉన్నారండీ. మీ ఏజెంట్‌ని అడిగి చూడండి, ఒప్పుకుంటే వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మార్పించుకోండి.