ముప్పై వేలలో హ్యాచ్‌బ్యాక్‌కి ఆడియో: ముందు బేస్ ట్యూబా, స్పీకర్లా?

కృష్ణాతీరం:
అన్నలూ, చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ టచ్‌స్క్రీన్, నాలుగు డోర్లలోనూ కంపెనీ స్పీకర్లే, విడిగా ట్వీటర్లు (పై స్వరాల చిన్న స్పీకర్లు) లేవు. వారానికోసారి హైదరాబాద్–విజయవాడ హైవే, దారి పొడవునా పాటలే. ఊళ్లో తిరుగుతున్నంతసేపూ పర్లేదు. హైవే ఎక్కి 90 దాటాక మృదంగం, బేస్ గిటార్ మాయం. వాల్యూమ్ పెంచితే గొంతులో 'స', 'ష'లు చెవిలో గుచ్చుకుంటాయి, డోర్ ప్యాడ్ గరగరమంటుంది. వినేవి ఘంటసాల కాలం పాటలు, ఎనభైల ఇళయరాజా, కాస్త కచేరీలు.

బడ్జెట్ ముప్పై వేలు, కూలీతో కలిపి. 1200 వాట్ల బేస్ ట్యూబ్ (డిక్కీలో పెట్టే గొట్టం లాంటి బేస్ పెట్టె) పెట్టిస్తే చాలని షాపులో అంటున్నారు. వారంటీ ఇంకా ఉంది కాబట్టి వైర్లు కోయించను. డిక్కీ సామానుకి కావాలి. ఏది ముందు?

డోర్‌ప్యాడ్:
ట్యూబ్ సంగతి మర్చిపోండి. మీరు చెప్పిన వాటిలో ఎక్కువ భాగం డోర్ జబ్బులే.

స్పీకర్ కోన్ ముందుకి ఎంత గాలి తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. డోర్ లోపలి రేకుకి అరచేయంత కంతలుంటాయి, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కవర్. వెనకనుంచి పోయిన గాలి ఆ కంతల్లోంచి తిరిగొచ్చి ముందు గాలిని కొట్టేస్తుంది. ఈ నష్టం కింది స్వరాల్లోనే ఎక్కువ. అందుకే డోర్ ముట్టుకోకుండా పాతికవేల స్పీకర్ పెట్టినా మృదంగం తొప్పి వైపు శబ్దం రాదు.

నేనైతే డబ్బు ఇలా పెడతాను: ముందు డోర్లకి ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ సెట్ (డోర్ స్పీకరూ ట్వీటరూ విడివిడిగా ఉండేది) 8 వేలు, ఛానల్‌కి 50–60 వాట్ల ఆర్ఎంఎస్ (నిలకడగా వచ్చే పవర్) ఇచ్చే నాలుగు ఛానళ్ల యాంప్ (యాంప్లిఫైయర్) 11 వేలు, రెండు డోర్లకి డ్యాంపింగ్ (రేకు మోగకుండా అంటించే షీట్) 4 వేలు, వైరింగ్ 3 వేలు, మిగిలింది కూలీ. ధరలు షాపుని బట్టి అటూ ఇటూ అవుతాయి, నిష్పత్తి మాత్రం చెడగొట్టొద్దు. వెనక స్పీకర్ల మీద పైసా పెట్టకండి.

డ్యాంపింగ్‌కి అల్యూమినియం రేకు అంటించిన 2 మి.మీ. బ్యూటైల్ (జిగురు రబ్బరు) షీటే అడగండి. తారు షీట్ చవగ్గా వస్తుంది గానీ మన మే నెల ఎండకి కరిగి, కంపు కొట్టి, జారిపోతుంది. పాత బంక గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే అంటించాలి. బయటి రేకుకి స్పీకర్ వెనక భాగం పూర్తిగా, మిగతాచోట మూడోవంతు చాలు. రేకు మోగకుండా చేయడమే పని, బరువు పెంచడం కాదు. షీట్ మీది అచ్చు గీతలు చదునయ్యేదాకా రోలర్‌తో నొక్కించండి, చేత్తో నొక్కితే ఆర్నెల్లకి ఊడుతుంది. ఒక్కో డోర్‌కి 8 నుంచి 10 చదరపు అడుగులు పడుతుంది.

లోపలి రేకు కంతల్ని బ్యూటైల్‌తో మాత్రమే మూస్తే పెద్ద కంత దగ్గర షీట్ డప్పులా ఊగుతుంది. ముందు అక్కడ పల్చటి అల్యూమినియం పలక స్క్రూలతో బిగించి, దాని మీద షీట్ వేయించండి. అద్దం మోటార్ పాడైతే విప్పుకోవచ్చు కూడా.

డోర్ అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. వాటిని మూస్తే వానాకాలంలో డోర్ బిందె అవుతుంది, తర్వాత తుప్పు. స్పీకర్ కింద రింగ్ పచ్చి ఎండీఎఫ్ (చెక్కపొడి బోర్డు) వద్దు, తడికి ఉబ్బి పెళుసవుతుంది. ప్లాస్టిక్ రింగ్ గానీ, అన్ని వైపులా వార్నిష్ వేసిన ప్లైవుడ్ గానీ పెట్టించండి. బిగించేముందు అద్దం పూర్తిగా దించి, మాగ్నెట్‌కి తగులుతుందేమో చూడాలి. స్పీకర్ అంచుకీ ప్యాడ్ జాలీకీ మధ్య ఫోమ్ రింగ్ లేకపోతే సగం శబ్దం ప్యాడ్ వెనకే తిరుగుతుంది. మీ గరగరకి అదీ ఒక కారణం కావచ్చు.

కృష్ణాతీరం:
థాంక్స్ అన్నా, డోర్ గురించి ఒక్క షాపువాడూ ఇంత చెప్పలేదు. రెండు సందేహాలు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (కిటికీల పైనుంచి తెరలా దిగేది) ఉంది, మరి ట్వీటర్లు ఎక్కడ పెట్టాలి? కంపెనీ స్టీరియో మార్చక తప్పదా?

ఫ్యూజ్‌వైరు:
స్టీరియో మార్చుడు ఎందుకన్నా? మారిస్తే స్టీరింగ్ బటన్లకు ఒక అడాప్టర్, కెమెరాకు ఇంకోటి, ఖర్చంతా ఆడ్నే అయితది. నీ మోడల్‌కు కప్లర్ హార్నెస్ (కంపెనీ సాకెట్లకే తగిలే వైర్ల కట్ట) దొర్కుతది. అది మధ్యల పెట్టి స్పీకర్ లైన్లు యాంప్ హై-లెవల్ ఇన్‌పుట్‌కు (స్పీకర్ వైర్లను నేరుగా తీస్కునే దానికి) తీస్కో. ఒక్క వైరు కొయ్యొద్దు, వారంటీ దగ్గర అడిగితే పీకి చూపెట్టొచ్చు.

ట్వీటర్లు సైడ్ మిర్రర్ లోపలి దిక్కు ఉండే మూడు మూలల ప్లాస్టిక్‌ల పెట్టియ్యి. ముందు పిల్లర్ ముట్టుకోవద్దు. బ్యాగ్ తెరుచుకునే దారిల వైరు గానీ ట్వీటర్ గానీ ఉంటే ప్రమాదం అయినప్పుడు అదే మొఖానికి తగుల్తది.

1200 వాట్లు అని రాసుండేది 'మ్యాక్స్', దానికి అర్థం లేదు. ఆర్ఎంఎస్ ఎంతో చూడు, ఫ్యూజ్ ఎంతో చూడు. 15 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టిన పెట్టె 13.8 వోల్టుల మీద మొత్తం 207 వాట్లే గుంజగలదు. అండ్ల కొంత వేడికి పోతది. 1200 ఏడికెల్లి వస్తది?

పవర్ వైరుకు లెక్క చెప్త. 60 వాట్లు నాలుగు ఛానళ్లు, 240. క్లాస్-డి యాంప్ అయితే 80 శాతం పని చేస్తది అనుకో, బ్యాటరీ నుంచి 300 వాట్లు, అంటే 22 ఆంపియర్లు. 8 గేజ్ పూర్తి రాగి వైరు, 40 ఆంపియర్ ఫ్యూజ్ సరిపోతయి. ఫ్యూజ్ బ్యాటరీకి అడుగున్నర లోపల ఉండాలె. ఫ్యూజ్ కాపాడేది యాంప్‌ను కాదు, వైరును. దూరం పెడితే బ్యాటరీ నుంచి ఫ్యూజ్ దాకా ఉన్న ముక్క రేకుకు రాసుకుంటే మంటలే. కిట్‌లల్ల వచ్చేది చానా వరకు రాగి పూత పూసిన అల్యూమినియం. కొస కత్తితో గీకి చూడు, లోపల తెల్లగా ఉంటే వాపస్ ఇయ్యి.

ఇంజిన్ గోడల నుంచి తీసేటప్పుడు రబ్బర్ గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) తప్పకుండ ఉండాలె. ఎర్త్ వైరు అర మీటర్ మించొద్దు, పెయింట్ గీకి తెల్ల రేకు కనిపించినంక బోల్టు బిగించాలె, సీటు బెల్టు బోల్టు మాత్రం వాడొద్దు. రేస్ చేస్తే కూతలెక్క పెరిగే శబ్దం వస్తే ముందు ఎర్త్ చూడు. ఇంజిన్ బంద్ ఉన్నా ఒకటే తీరు 'స్స్' మంటే గెయిన్ (స్టీరియో సిగ్నల్‌ను యాంప్ ఎంత పెంచాలెనో చెప్పే నాబ్) ఎక్కువ పెట్టిన్రు.

మధ్యమశ్రుతి:
పైవాళ్లు చెప్పినవి అయ్యాక అసలు పని మొదలవుతుంది కృష్ణాతీరం గారూ. సెట్టింగ్ షాపువాళ్లకి వదిలేయకండి. గెయిన్‌ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు, నెలకి ట్వీటర్ కాలిపోతుంది.

మొదట పోలారిటీ, అంటే ప్లస్, మైనస్ వైర్లు సరిగ్గా కలిశాయా అన్నది. ఒకటిన్నర వోల్టుల సెల్ ప్లస్సుని స్పీకర్ ప్లస్సుకి క్షణం తాకిస్తే కోన్ బయటికి రావాలి. ఒక డోర్‌లో తిరగబడితే బేస్ చచ్చిపోతుంది, గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియదు. చాలా కార్లలో జరిగే తప్పు ఇదే.

తర్వాత గెయిన్. స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నా, వేగాన్ని బట్టి శబ్దం పెంచే ఆప్షన్ ఆఫ్. యాంప్ ఫిల్టర్లు ఆఫ్. స్పీకర్ వైర్లు విప్పేయండి. పెన్‌డ్రైవ్‌లో 200 హెర్ట్జ్ టోన్ పెట్టి వాల్యూమ్ మూడొంతులకి పెంచండి. వెయ్యి హెర్ట్జ్ వాడమంటారు గానీ చవక మల్టీమీటర్లు 400 దాటితే సరిగ్గా చూపించవు. కావలసిన వోల్టేజ్ వాట్లనీ ఓమ్స్‌నీ (స్పీకర్ నిరోధం) గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది: 60 × 4 = 240, వర్గమూలం 15.5. మల్టీమీటర్ ఏసీ రేంజ్‌లో 15.5 వోల్టులు వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపేయండి. పాత పాటల రికార్డింగ్ స్థాయి తక్కువ కాబట్టి టోన్ సున్నా డీబీది (డెసిబెల్, అంటే పూర్తి స్థాయిది) కాకుండా మైనస్ 5 డీబీది తీసుకోండి. కొత్త సినిమా పాటలకి మాత్రం వాల్యూమ్ రెండు మెట్లు తగ్గించి వినాలి.

హై-పాస్ ఫిల్టర్ (కింది స్వరాల్ని ఆపేది) 70 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్, దాన్ని డోర్ స్పీకర్ నుంచి ఆశిస్తే కోన్ అనవసరంగా ఊగి గొంతుని చెడగొడుతుంది. 'స', 'ష'ల బాధకి క్రాసోవర్‌లో (ట్వీటర్‌కీ డోర్ స్పీకర్‌కీ స్వరాలు పంచే పెట్టెలో) ట్వీటర్‌ని మైనస్ 3 డీబీకి మార్చండి. ఎక్కువ సెట్లలో దానికి జంపర్ (మార్చి పెట్టే చిన్న పిన్ను) ఉంటుంది. అప్పటికీ గుచ్చుకుంటే ఈక్వలైజర్‌లో 6 వేల హెర్ట్జ్ ప్రాంతం ఒక మెట్టు తగ్గించండి.

మన కార్లలో కుడి స్పీకర్ డ్రైవర్‌కి దగ్గర. ఎడమది అరమీటర్ ఎక్కువ దూరంలో ఉందనుకుంటే, శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి కుడిదాన్ని ఒకటిన్నర మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి. దానికి డీఎస్పీ (శబ్దాన్ని సరిదిద్దే డిజిటల్ చిప్) ఉన్న యాంప్ కావాలి. లేకపోతే బ్యాలెన్స్ రెండు మెట్లు ఎడమకి జరపండి, పక్కసీటువాళ్లు సణిగినా సరే. సరిచూసుకోడానికి ఘంటసాల పాటే మంచి పరీక్ష. అవి చాలావరకు మోనో రికార్డింగులు, రెండు వైపులా ఒకటే శబ్దం. గొంతు డ్యాష్‌బోర్డ్ మధ్యలో నిలబడాలి. ట్వీటర్‌కి ఒకచోట, డోర్‌కి ఒకచోట చీలినట్టు ఉంటే ఎక్కడో తప్పు జరిగింది.

హైవే సంగతి. రోడ్డు రొదలో ఎక్కువ భాగం కింది ఫ్రీక్వెన్సీలే, అవి బేస్‌ని మింగేస్తాయి. కారు ఆపి చేసిన సెట్టింగ్ 90లో పల్చబడి తీరుతుంది. అందుకని రెండో ప్రీసెట్‌లో 60 నుంచి 120 హెర్ట్జ్ దాకా 3 డీబీ పెంచి ఉంచుకోండి. ఎగుడుదిగుడుగా అరిగిన టైర్ల ఊళని మాత్రం ఏ యాంపూ దాటలేదు. నడుస్తున్న బండిలో స్క్రీన్ మీద వేలు పెట్టొద్దు. 90లో రెండు సెకన్లంటే 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టు. పాటల వరస ముందే పేర్చుకుని స్టీరింగ్ బటన్లతోనే కానివ్వండి.

కృష్ణాతీరం:
అందరికీ దండాలు. ఆఖరి ప్రశ్న: ఇంత చేశాక సబ్ (సబ్‌వూఫర్, బేస్‌కి విడి స్పీకర్) అసలు అక్కర్లేదా?

డోర్‌ప్యాడ్:
మీరు వినే పాటలకి ఆర్నెల్లు ఆగి చూడండి. కావాలనిపిస్తే సీటు కింద పట్టే ఎనిమిదంగుళాల యాక్టివ్ సబ్ (యాంప్ లోపలే ఉండేది) తీసుకోండి, డిక్కీ ఖాళీగానే ఉంటుంది. లేదా ఇదే యాంప్‌లో వెనక రెండు ఛానళ్లు బ్రిడ్జ్ చేసి (ఒకటిగా కలిపి) ఒక 4 ఓమ్స్ సబ్ తగిలించొచ్చు. 2 ఓమ్స్‌ది తగిలిస్తే యాంప్ ప్రొటెక్షన్‌లోకి పోతుంది, అంటే తనంతట తానే ఆగిపోతుంది.

డోర్ పని రోజు దగ్గరుండండి. ప్యాడ్ బిగించే ముందు అద్దం మీద ఐదు నిమిషాలు నీళ్లు పోయించండి. నీళ్లు అడుగు రంధ్రాల్లోంచి బయటికి కారాలి. లోపలి రేకు మీద ఒక్క చుక్క కనిపించినా షీట్ అంచు మళ్లీ నొక్కించి, ఇంకోసారి పోయించండి.